నూలుపోగు విప్పేదాకా లైన్ లేదు

నలుగురిలో నోరు పెగలని పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నోరున్నవాళ్లకు నా అవసరం లేదు. వాళ్లు నా మాట పూర్తయ్యేదాకా ఆగరు కూడా.

నేను ముప్పై ఏళ్లకు పైగా కరెంటు సబ్‌స్టేషన్లలో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కోరుట్ల దిక్కు మొదలుపెట్టి, కొడిమ్యాల మీదుగా, చివరికి మా సిరిసిల్లకు దగ్గరగా కోనరావుపేట వైపు వచ్చి ఆగాను. పోయిన చోటల్లా నాకు ఒకటే పేరు, 'మూగ సారు'. మాటలు రాక కాదు. పదిమంది ఉన్న గదిలోకి పోతే నా మాట గొంతులోనే చతికిలబడేది. పెళ్లిళ్లలో వంటల దగ్గర నిలబడేవాడిని. మీటింగుల్లో చెప్పులు విడిచే చోట కూర్చునేవాడిని. పెళ్లిచూపుల్లో కూడా ఒక్క ముక్క మాట్లాడలేదు. "పిల్లగానికి మాటలత్తయా?" అని పెళ్లికూతురి మేనత్త మా అమ్మను పక్కకు పిలిచి అడిగిందట. "అత్తయి గని, ఖర్చు వెట్టడు" అందట మా అమ్మ.

మాది సాంచాల ఇల్లు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలే అంటారు. ముందు గదిలో నాలుగు సాంచాలు పొద్దస్తమానం నడిచేవి. ఆ చప్పుడులో నాయన ఏదో చెప్తాడు, సగమే వినపడుతుంది. "ఏంది?" అని అడగాలంటే అరవాలి. అరవడం కంటే తల ఊపడం సులువు. మా వాడలో పిల్లలందరం తల ఊపుతూనే పెరిగాం. నూలు కండె తెమ్మన్నా ఊపడమే, సాంచా ఆపమన్నా ఊపడమే. సగం విని ఊపి తప్పు చేస్తే నాయన వచ్చి వీపు మీద ఒకటి అంటించి మళ్లీ చెప్పేవాడు. అంతకు మించి నష్టం ఉండేది కాదు. ఆ అలవాటును నేను సబ్‌స్టేషన్‌కు తీసుకొచ్చాను.

సబ్‌స్టేషన్ పని గురించి ఒక్క సంగతి చెప్తాను, అది తెలిస్తే చాలు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఆపరేటర్‌కు చెప్పి, బ్రేకర్ అనే పెద్ద స్విచ్చు తీయించి ఆ లైన్ బంద్ చేయిస్తాడు. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు, అందరూ ఎల్‌సీ అంటారు. పని అయ్యాక దిగి వచ్చి, "నా మనుషులందరూ దిగిండ్రు, లైన్ ఇయ్యి" అని చెప్తాడు. అది రిటర్న్. ఎల్‌సీ ఎవరు తీసుకుంటే వాళ్లే రిటర్న్ ఇవ్వాలి. వాళ్ల అన్న చెప్పినా చెల్లదు, దేవుడు చెప్పినా చెల్లదు. రూల్ ఇంతే. చిన్న పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. దాన్ని పాటించడానికే ధైర్యం కావాలి.

కోరుట్ల దిక్కు సబ్‌స్టేషన్‌లో నేను చేరి ఏడాది కూడా కాలేదు. నా మీద ఒక సీనియర్ ఆపరేటర్ ఉండేవాడు. బాగా మాటకారి. ఫోన్లో మాట్లాడుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి వినేవారు. నాలాంటి వాడు దొరకడం ఆయనకు పండుగ. ఆయన చెప్పేవాడు, నేను ఊపేవాడిని. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు, బల్ల మీద ఒక ఫోను ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం ఒకే లైన్ మీద ఇద్దరు లైన్‌మన్లు ఎల్‌సీ తీసుకున్నారు. ఒకతను ఊరి ఇవతల, ఇంకొకతను అవతల పనిచేస్తున్నారు. ఇవతలి అతను వచ్చి నాకే రిటర్న్ ఇచ్చి పోయాడు. అవతలి అతనిది నాకు రాలేదు. నేను అన్నం తినడానికి వెనక్కి పోయినప్పుడు సీనియర్‌కు వచ్చిందేమో నాకు తెలియదు. ఆయనేమో నాకు వచ్చిందేమో అనుకుంటున్నాడు.

"ఇద్దరియి అచ్చినయి గదా?" అన్నాడు బ్రేకర్ దగ్గరికి పోతూ.

తెలియదు అని చెప్పాలి. చెప్తే ఆయన ఆగి, "తెల్వదంటే ఏంది? డ్యూటీల ఉండి ఏం జేస్తున్నవ్?" అని పది మాటలంటాడు. ఆ పది మాటలకు భయపడ్డాను. తల ఊపాను.

బ్రేకర్ వేయగానే పెద్ద చప్పుడుతో ట్రిప్పయింది. అవతలి లైన్‌మన్ పని ముగించి, లైన్‌కు కట్టిన ఎర్తు రాడ్డు విప్పబోతున్నాడట. ఇంకా విప్పలేదు కాబట్టి కరెంటు దాని గుండా భూమిలోకి పోయింది, మనిషి బతికాడు. కానీ లేచిన మంటకు కుడిచేయి కాలింది. జగిత్యాల ఆసుపత్రిలో చూపుడు వేలు, నడిమి వేలు తీసేశారు.

ఎంక్వయిరీకి పెద్ద సార్లు వచ్చారు. "బ్రేకర్ వేసిందెవరు?" అని అడిగారు. సీనియర్ చేయెత్తాడు. తల ఊపిందెవరని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. నా మౌనం అంతకంటే హీనం. నా తప్పులో సగాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టి నిలబడ్డాను. ఆయనను దూరం బదిలీ చేశారు. సామాను సర్దుకుని పోతూ నన్ను ఒక్క మాట అనలేదు. జీవితంలో ఆయన మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్కరోజే అనుకుంటాను.

వారం తర్వాత జగిత్యాల ఆసుపత్రికి పోయాను. ఆ లైన్‌మన్ నాకంటే పదేళ్లు పెద్ద. మంచం మీద కూర్చుని ఎడమచేత్తో ఇడ్లీ తింటున్నాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. చివరికి ఎక్కడినుంచి వచ్చిందో గానీ మాట వచ్చింది.

"అన్నా, నీ రిటర్న్ సంగతి నాకు తెల్వదు. తెల్వకుంటనే తల ఊపిన."

ఆయన ఇడ్లీ పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకునే పోయాను.

"గిప్పుడు అన్నవ్ సూడు, తెల్వదు అని. గా ఒక్క మాట గా రోజు అంటే అయిపోవు గదరా తమ్మీ" అన్నాడు. కట్టుకట్టిన కుడిచేయి ఒళ్లోకి జరుపుకున్నాడు. "నువ్వు మాటకారివి గావాలని నేనంటలేను. గా మాటకారే గదా బ్రేకర్ ఏసింది. నువ్వు ఒక్క మాట నేర్సుకో సాలు. తెల్వకపోతే తెల్వదు అను. గింత దానికి పెద్ద గొంతెందుకు?"

బస్టాండులో కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడకుండానే చెప్తున్నాను. మర్నాడు జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. నాలాంటి వాళ్లకు నోరు మొరాయిస్తుంది గానీ చేయి మొరాయించదు. నాకూ మెమో వచ్చింది. సీనియర్ బదిలీ మాత్రం ఆగలేదు. ఆ బాకీ నాకు తీరలేదు, తీరదు కూడా.

అప్పటినుంచి నా మీద నేనే పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. సిరిసిల్ల పోయినప్పుడు మా ఇంట్లో మిగిలిన రంగు నూలు చుట్టి తెచ్చుకునేవాడిని. ఎల్‌సీ తీసుకున్న ప్రతి మనిషికి ఒక రంగు పోగు. దాన్ని ఆ లైన్ బ్రేకర్ పిడికి నేతవాళ్ల ముడి వేసి కట్టేవాడిని. ఇద్దరు తీసుకుంటే రెండు పోగులు. మనిషి సొంత గొంతుతో రిటర్న్ ఇస్తే అతని పోగు విప్పేవాడిని. ఆఖరి పోగు విప్పేదాకా లైన్ లేదు. "ఇది సబ్‌స్టేషనా, చీరల దుకాణమా?" అని ఒక సారు ఎకసెక్కమాడాడు. నేను తల ఊపలేదు. "సబ్‌స్టేషనే సార్" అన్నాను. అంత చిన్న మాట అనడానికి లోపల ఎంత తిప్పలు పడ్డానో ఆయనకు తెలియదు. లైన్‌మన్లకు మాత్రం అది నచ్చింది. కొడిమ్యాలలో ఒకాయన ఫోన్ చేసి, "సారూ, నాకు పచ్చ రంగు కట్టు, ఎర్రది నాకు అచ్చిరాదు" అనేవాడు.

మధ్యలో ఒకసారి మమ్మల్ని ఆత్మవిశ్వాసం శిక్షణ అని మూడు రోజులు పంపారు. టై కట్టుకున్న ఒకాయన మమ్మల్ని లేపి, చప్పట్లు కొట్టించి, "నేను సింహాన్ని" అని అరిపించాడు. అద్దం ముందు నిలబడి రోజూ అరవమన్నాడు. నేను ఇంటికొచ్చి ఒకరోజు ప్రయత్నించాను. మా ఆవిడ పొయ్యి దగ్గరినుంచి పరిగెత్తుకొచ్చి, "ఏమైంది, తేలు గుట్టిందా?" అంది. అంతటితో సింహం పని అయిపోయింది. అరుపు నాది కాదని నాకు ఆ రోజు ఖాయమైంది. నాది ఏదో దాన్ని వెతుక్కోవాలి గానీ పక్కవాడి గొంతు తెచ్చి తగిలించుకుంటే ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇక అసలు రోజు. రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, కోనరావుపేట దిక్కు. యాసంగి వరి పాలు పోసుకునే సమయం. ఆ పది రోజులు నీళ్లు అందకపోతే గింజ తాలు పోతుంది. ఎండ మాడ్చేస్తోంది. స్తంభం మీద పగిలిన పింగాణీ ఇన్సులేటర్ ఒకటి మార్చడానికి మా లైన్‌మన్ పొద్దున పదకొండుకు ఎల్‌సీ తీసుకున్నాడు. నీలం పోగు కట్టాను. గంటలో అయిపోతుందన్నాడు. ఒంటిగంట దాటినా ఫోన్ రాలేదు. నేను చేస్తే స్విచ్ ఆఫ్.

ఒకటిన్నరకు ఒక రైతు ఫోన్ చేశాడు. "సారూ, పనైపోయింది. నేను కండ్లార సూసిన. లైన్ ఇయ్యి."

"లైన్‌మన్‌కు ఫోనియ్యి."

"ఆయన ఎటో పోయిండు."

"ఆయన చెప్పాలె" అన్నాను.

అరగంటలో ఇరవై ముప్పై మంది బండ్ల మీద వచ్చేశారు. గేటు తీసుకుని కంట్రోల్ రూమ్ దాకా వచ్చారు. ముందు వాళ్ల ఊరి పెద్దమనిషి ఉన్నాడు, ఆయనకు కూడా నాలుగెకరాలు ఆ లైన్ కిందే ఉంది. "మోటర్లు బందయి మూడు గంటలాయె! పొలాలు నెర్రెలు వారుతున్నయి! పనైపోయిందని మనిషి చెప్తుండె, నువ్వు దారాలు గట్టుకోని కూసున్నవ్!" అని అరిచాడు. వెనక నుంచి ఎవడో, "గా దారం నేను తెంపుతా" అన్నాడు.

వాళ్ల కోపంలో న్యాయం ఉంది. నేనూ ఆ పక్క ఊళ్లవాడినే. నీళ్లు లేని పొలాన్ని చూసిన మనిషి ఎట్లా ఉంటాడో నాకు తెలుసు. నాకు భయమేసింది, ఆ మాట దాచను. అంతలో మా యువ ఇంజినీరు ఫోన్ చేశాడు. ఆయనకు అప్పటికే నాలుగు చోట్ల నుంచి ఫోన్లు పోయాయి.

"ఏంది సార్ ఇది? పనైపోయిందంటున్నరు గదా. చార్జ్ చేసెయ్యండి, నేను చెప్తున్న."

"ఎల్‌సీ తీసుకున్నాయన చెప్పలే సార్."

"నేను ఆర్డర్ ఇస్తున్ననండి!"

"కాగితం మీద రాసియ్యండి సార్. లేకుంటే మీరే అచ్చి మీ చేత్తోని ఎయ్యండి. నేను పక్కకు జరుగుత."

ఆయన ఫోన్ పెట్టేశాడు. నా నోట్లోంచి అన్ని మాటలు వరుసగా వచ్చినందుకు ఆయనకంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

గదిలో అరుపులు ఇంకా పెరిగాయి. అప్పుడు సాంచాల ఇల్లు గుర్తొచ్చింది. తల ఊపడం కాకుండా అక్కడ నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. సాంచాలు నడుస్తున్నప్పుడు ఎంత అరిచినా అరుపు చప్పుడులో కలిసిపోతుంది. నిజంగా చెప్పాల్సిన మాట ఉంటే మా అమ్మ అరిచేది కాదు. దగ్గరికి వచ్చి, భుజం మీద చేయి వేసి, చెవి దగ్గర మామూలు గొంతుతో చెప్పేది. ఒక్క అక్షరం పోకుండా వినపడేది.

నేను బ్రేకర్ ముందు నుంచి కదిలి పెద్దమనిషి దగ్గరికి పోయాను. భుజం మీద చేయి వేశాను. కొడతాడేమో అనుకున్నట్టున్నాడు, వెనక్కి జరిగాడు. చెవి దగ్గర మెల్లగా చెప్పాను.

"పటేలా, నేను లైన్ ఇయ్య. నువ్వు ఎంత ఒర్లినా ఇయ్య. గని నీ బండి ఉన్నది. లైన్‌మన్ యాడున్నడో ఎతికి తోలుకరా. ఆయన అచ్చి నోటితోని చెప్పిన నిమిషంల ఇస్తా. గీడ నిలబడి నన్ను తిడితే పొద్దువోతది, పొలం ఎండుతది."

ఆయన నా మొహంలోకి చూశాడు. బెదిరిన మొహమే, అది ఆయనకు కనపడే ఉంటుంది. కానీ కదిలే మొహం కాదని కూడా కనపడిందేమో. వెనక్కి తిరిగి, "అరేయ్, రెండు బండ్లు తియ్యుండ్రి. లైన్‌మన్ను ఎతుకుండ్రి" అన్నాడు.

నలభై నిమిషాలు. మిగిలినవాళ్లు నా ముందే కూర్చుని నన్నూ మా ఆఫీసునూ తిడుతూనే ఉన్నారు. నేను కుండలో నీళ్లు ముంచి ఒక్కొక్కరికీ ఇచ్చాను. తిట్లు ఆపి తాగి, మళ్లీ తిట్టారు.

లైన్‌మన్ వచ్చాడు. ఇక్కడ మీరు ఆశపడకండి. ఆయన స్తంభం మీద లేడు. పని ఎప్పుడో అయిపోయింది, ఆ రైతు చెప్పింది అక్షరాలా నిజం. దిగేటప్పుడు ఫోన్ పొలం నీళ్లలో పడి చచ్చిపోయింది. బండి పంక్చరైంది. ఇంకో ఫోన్ దొరికితే చేద్దామనుకుంటూ, ఎండకు ఆగలేక తెలిసినవాళ్ల ఇంట్లో అన్నం తింటుంటే దొరికాడు. ఎంగిలి చేత్తోనే వచ్చి, "నా మనుషులందరూ దిగిండ్రు, లైన్ ఇయ్యి సారూ" అన్నాడు. నీలం పోగు విప్పి లైన్ ఇచ్చాను.

గదంతా గొల్లున నవ్వింది. "స్తంభం మీద కాకి గూడ లేకపాయె! ఊకెనే ఎండవెట్టినవ్ గదా సారూ" అన్నాడు ఒకతను. పెద్దమనిషి నవ్వలేదు, పోయి బండెక్కాడు.

ఇలాంటి జ్ఞాపకాలు నేనూ చాలా చదివాను. అన్నింట్లో చివరికి రాసినవాడిదే ఒప్పవుతుంది. నాది ఆ రోజు అట్లా ఒప్పు కాలేదు. నావల్ల ఎవరి ప్రాణమూ నిలబడలేదు, గంటన్నర నీళ్లు మాత్రం పోయాయి. ఆలస్యానికి సంజాయిషీ అడిగారు. 'ఎల్‌సీ తీసుకున్న వ్యక్తి రిటర్న్ ఇవ్వలేదు. ఇచ్చిన వెంటనే లైన్ ఇచ్చాను' అని రెండు వాక్యాలు రాసి పంపాను. విచిత్రం ఏమిటంటే ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. నన్ను నలుగురు మెచ్చుకుంటేనో, నేను నెగ్గితేనో ధైర్యం వస్తుందని అంతదాకా అనుకునేవాడిని. ఎవరూ మెచ్చుకోలేదు, నవ్వారు కూడా. అయినా నా వెన్ను నిటారుగానే ఉంది. మళ్లీ అదే మధ్యాహ్నం వస్తే మళ్లీ అదే చేస్తానని నాకు తెలుసు. నా వరకు ఆత్మవిశ్వాసం అంటే అదే. దానికి చప్పట్లు అక్కర్లేదు.

కొన్నాళ్లకు ఆ ఇంజినీరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. టీ తాగుతూ తల దించుకుని, "సార్, గా రోజు మీ మీద ఒర్రిన. భయమైంది. నాకు మీటింగుల్ల అసలు నోరు రాదు. గందుకే ఫోన్లల్ల ఒర్రుత" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. మా మూగజాతి మనిషే, టై ఆయన లాంటివాళ్ల శిష్యరికంలో పాడైపోయాడు.

లైన్‌మన్ల సంగతి మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది. స్తంభం కింద నిలబడి నడుముకు బెల్టు కట్టుకుంటూ, "ఇయ్యాల సబ్‌స్టేషన్ల ఎవలు?" అని ఒకరినొకరు అడిగేవారట. "మూగ సారు" అని జవాబు వస్తే, "అయితే ఎక్కు" అనేవారట.

నా ఆఖరి డ్యూటీ రోజు పొద్దున్నే దండలు, శాలువా, ఫొటోలు అయిపోయాయి. నన్ను మాట్లాడమంటే, "అందరూ క్షేమంగా దిగండి" అని కూర్చున్నాను. అందరూ పోయాక మధ్యాహ్నం ఒక్కడినే ఉన్నాను. ఫోన్ మోగింది. ముసలి గొంతు, కానీ వెంటనే గుర్తుపట్టాను. కోరుట్ల లైన్‌మన్, రెండు వేళ్లు పోయిన అన్న. ఎప్పుడో రిటైరైపోయాడు, ఇన్నేళ్లలో పెళ్లిళ్ల దగ్గర నాలుగైదుసార్లు కలిసి ఉంటాం.

"తమ్మీ, ఇయ్యాల దిగుతున్నవట గదా?"

"అవునన్నా."

"గా రోజు నేను తీసుకున్న ఎల్‌సీ యాదికున్నదా? గదానికి రిటర్న్ ఇయ్యనే లేదు నేను. రాసుకో. నా మనుషులందరూ దిగిండ్రు. నేను దిగిన. లైన్ ఇయ్యి."

నాకు కళ్లు కనపడలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని, పాత అలవాటుకు తల ఊపాను.

జవాబు రాకపోయేసరికి ఆయన పసిగట్టాడు. "తల ఊపుతున్నవా ఏంది? నోటితోని చెప్పు."

"రిటర్న్ తీసుకున్ననన్నా" అన్నాను, గదంతా వినపడేటట్టు.